ఉప్పు పట్టించిన చేపలో పంచదారకి ఏం పని?

ఈరోజు ఎపిసోడ్ మా నాన్న నోరు కట్టుకోలేకపోవడం వల్ల పుట్టింది. కాబట్టి క్రెడిట్ అంతా ఆయనదే.

మాది భీమవరం దగ్గర ఒక ఊరు. చేప లేకుండా మా నాన్నకి ముద్ద దిగదు. ఆరేళ్ల క్రితం షుగర్ వచ్చింది. మన భాషలో ఒక విచిత్రం చూడండి, డబ్బాలో ఉంటే పంచదార, ఒంట్లో ఉంటే షుగర్. పోయిన డిసెంబర్‌లో అమ్మానాన్నల్ని తీసుకుని అమెరికాలో మిన్నెసోటాలో ఉన్న అక్కా వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆ రాష్ట్రంలో స్వీడన్, నార్వేల నుంచి వలస వచ్చిన కుటుంబాల వాళ్లు చాలామంది. పక్కింటి పెద్దావిడ క్రిస్మస్‌కి ఒక ప్లేటు పంపించింది. పల్చగా కోసిన నారింజ రంగు సాల్మన్ ముక్కలు, మీద ఏదో పచ్చని ఆకు. దాన్ని గ్రావ్‌లాక్స్ అంటారు. నాన్న చెయ్యి పెట్టేలోపు అక్క, "నాన్నా, ఆగు. అందులో ఉప్పు ఎంత వేస్తారో పంచదారా అంతే వేస్తారు" అంది.

నాన్న మొహం చూడాలి. చేపలో పంచదార ఏంటని ఆయన బాధ. అసలు నాక్కూడా అదే డౌటు. మన ఉప్పుచేపలో ఎవరైనా పంచదార వేస్తారా?

మా బావ అప్పుడు రంగంలోకి దిగాడు. "మావయ్యగారూ, మీకు షుగర్ లేని వెర్షన్ నేను చేసి పెడతాను" అన్నాడు. ఆయన కూడా సాఫ్ట్‌వేరే. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక జబ్బు ఉంది. ఒక లైబ్రరీ తీసేసి ఇంకో లైబ్రరీ పెట్టేస్తే కోడ్ అలాగే నడిచేస్తుంది అనుకుంటాం. నడవదు. ఎందుకు నడవలేదో చెప్పాలంటే ముందు పంచదార అసలు అందులోకి ఎలా వచ్చిందో చెప్పాలి. కథ అక్కడి నుంచి మొదలుపెడదాం.

గ్రావ్ అంటే గొయ్యి, సమాధి. లాక్స్ అంటే సాల్మన్. అంటే పాతిపెట్టిన సాల్మన్ అన్నమాట. 1348 నాటికే స్వీడన్‌లోని యెమ్ట్‌లాండ్ ప్రాంతంలో ఒక మనిషి పేరు పక్కన గ్రావ్‌లాక్స్ అనే మాట రికార్డుల్లో కనిపిస్తుంది. ఆ రోజుల్లో అక్కడ ఉప్పు చాలా ఖరీదు. అందుకని జాలర్లు చేపకి కొంచెం ఉప్పు రాసి గోతిలో పాతేసేవాళ్లు. అది లోపల పులిసేది. ఇప్పుడు మనం తినే తియ్యటి మెత్తటి ముక్కకీ, ఆనాటి పులిసిన చేపకీ పేరు ఒకటే, రుచి వేరు. ఆ జాలర్ల దగ్గర పంచదార లేదు, ఉండే అవకాశం కూడా లేదు. యూరప్‌లో అప్పటికి పంచదార అంటే మందుల కొట్లో మసాలాలతో పాటు తూకం వేసి అమ్మే సరుకు. ఆ సరుకు పేరు కూడా మన దగ్గరి నుంచి వెళ్లిందే. సంస్కృతంలో శర్కర, అరబ్బులకి సుక్కర్, వాళ్ల నుంచి యూరప్‌కి.

మరి అంత ఖరీదైనది మాంసం మీదా, చేప మీదా చల్లేంత చవక ఎప్పుడైంది? కరేబియన్ దీవుల్లో ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలతో చెరకు తోటలు వేసిన తర్వాత. ఇక్కడ నాకు కడుపులో తిప్పినట్టయిన విషయం ఒకటుంది. ఆ బానిసలకి తిండిగా పంపింది ఏంటో తెలుసా? ఉప్పు చేప. ఈశాన్య అమెరికాలో, అంటే బోస్టన్ వైపు, కాడ్ చేపలు పట్టి ఉప్పేసి ఎండబెట్టేవాళ్లు. మంచి చేప స్పెయిన్, పోర్చుగల్‌కి వెళ్లేది. విరిగిపోయిన, సరిగ్గా ఎండని మూడో రకం సరుకు చెరకు తోటలకి. తిరిగొచ్చే ఓడల్లో మొలాసిస్ వచ్చేది, అంటే పంచదార తీశాక మిగిలే నల్లటి చెరకు మడ్డి. ఆ మడ్డి రమ్ములోకి వెళ్లింది, వంటింట్లోకి వెళ్లింది, పంది తొడకి రాసే ఉప్పులోకీ వెళ్లింది. అంటే ఉప్పు చేప తిన్న మనుషుల చేతుల్లోంచి వచ్చిన తీపి, ఇంకొకళ్ల ఉప్పు మాంసంలోకి చేరింది. షుగర్ క్యూర్డ్ హ్యామ్ అని అమెరికా సూపర్ మార్కెట్‌లో లేబుల్ చూసినప్పుడల్లా నాకిప్పుడు ఇదే గుర్తొస్తోంది.

అయితే మాంసంలో తీపి వేసింది రుచి కోసమేనా? కొంతవరకు అంతే. ఎక్కువ ఉప్పు పట్టిన మాంసం గట్టిగా, నాలుకని కోసేసేట్టు ఉంటుంది. తీపి ఆ పదును తగ్గిస్తుంది. పెనం మీద వేస్తే బాగా ఎర్రగా వేగుతుంది. కానీ ఇంకో పని కూడా ఉంది, దాన్ని అప్పటివాళ్లు తెలియకుండానే చేసేశారు. పాతకాలంలో మాంసం ఎర్రగా ఉండటానికి సురేకారం కలిపేవాళ్లు. అదే, తుపాకి మందులో వాడేది. సురేకారం నేరుగా పని చెయ్యదు. మాంసంలో ఉండే కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని నైట్రైట్‌గా మారిస్తే, ఆ నైట్రైట్ పని చేస్తుంది. సురేకారం కలిపిన ఉప్పునీళ్లలో నైట్రైట్ తయారవుతోందని 1891లో పోలెన్స్కే అనే జర్మన్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఆ బ్యాక్టీరియాలకి పంచదార తిండి. అంటే మన అత్తమ్మలు "కొంచెం బెల్లం ముక్క వెయ్యి, పులుపు నిలబడుతుంది" అన్నట్టు, వాళ్లూ కారణం తెలియకుండా కరెక్ట్ పని చేశారు.

వర్జీనియా వైపు రైతులు ఇప్పటికీ వాడే ఒక లెక్క ఉంది. 100 పౌండ్ల మాంసానికి 8 పౌండ్ల ఉప్పు, 2 పౌండ్ల పంచదార, 2 ఔన్సుల సురేకారం. ఈ నిష్పత్తి చూడండి, ఉప్పులో పంచదార నాలుగో వంతే. అంటే ఇక్కడ డ్యూటీ ఎవరిది? ఉప్పుది. పంచదార పక్క వాయిద్యం.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే ఇటలీ వెళ్లండి. పార్మా హ్యామ్ అని ప్రపంచం అంతా కొనుక్కుని తినే సరుకు. రూల్ ప్రకారం అందులో పంది తొడ, ఉప్పు, ఆ రెండే. పంచదార లేదు, సురేకారం లేదు. అంటే నిలవ ఉండటానికి తీపి తప్పనిసరి కాదు. మన కాకినాడ, భీమిలి వైపు ఎండు చేపలకీ ఉప్పూ ఎండే. తెలంగాణ పల్లెల్లో మాంసాన్ని సన్నగా చీల్చి దండెం మీద ఆరేసే తునకలకీ అంతే. మనకి ఎండ ఉంది, వాళ్లకి లేదు. వాళ్లు చలిలో, చీకటి గదుల్లో నెలల తరబడి ఊరబెట్టాలి. అందుకే వాళ్ల వంటల్లో అన్ని లెక్కలు.

సరే, ఇప్పుడు పంచదారకి బదులు వాడేవాటి దగ్గరికి వద్దాం. మొదటిది 1879లో పుట్టింది, బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో. రష్యాలో పుట్టిన కాన్‌స్టాంటిన్ ఫాల్బర్గ్ అనే కెమిస్ట్, ప్రొఫెసర్ ఐరా రెమ్సెన్ ల్యాబ్‌లో తారు నుంచి వచ్చే రసాయనాల మీద పని చేస్తున్నాడు. రాత్రి భోజనంలో రొట్టె తింటే తియ్యగా తగిలిందట. చేతులు కడుక్కోలేదన్నమాట. ఇప్పటి ల్యాబుల్లో అలా చేస్తే ఉద్యోగం ఊడుతుంది, ఆయనకి మాత్రం శాకరిన్ దొరికింది. పంచదార కన్నా కొన్ని వందల రెట్లు తీపి. పేపర్ ఇద్దరి పేరు మీదా వేశారు, పేటెంట్ మాత్రం ఫాల్బర్గ్ తన పేరు మీద తీసుకుని జర్మనీలో ఫ్యాక్టరీ పెట్టాడు. రెమ్సెన్‌కి ఆ కోపం చివరిదాకా పోలేదు. మన స్టార్టప్ కథలు కొత్తవేం కాదు.

జర్మనీలో బీట్‌రూట్ పంచదార వాళ్లు ఊరుకుంటారా? 1902లో చట్టం తెప్పించారు, శాకరిన్ మందుల షాపుల్లో తప్ప అమ్మకూడదని. దాంతో స్విట్జర్లాండ్ నుంచి దొంగ రవాణా మొదలైంది. అమెరికాలో ఇంకో గొడవ. ఆహార కల్తీ మీద యుద్ధం చేసిన హార్వే వైలీ, ప్రెసిడెంట్ థియోడోర్ రూజ్‌వెల్ట్ ముందు కూర్చుని శాకరిన్ ప్రమాదం అన్నాడు. రూజ్‌వెల్ట్‌కి ఆయన డాక్టరే రోజూ శాకరిన్ ఇస్తున్నాడు! ఇంకేముంది, ప్రెసిడెంట్ మండిపడ్డాడు. చివరికి 1912లో అక్కడ మామూలు ఆహార పదార్థాల్లో వాడొద్దన్నారు, షుగర్ పేషెంట్ల కోసం వేరుగా అమ్ముకోవచ్చు అన్నారు. అంటే మా నాన్నలాంటి వాళ్ల కోసం ఒక కిటికీ తెరిచి ఉంచారు.

ఇళ్లల్లో మాంసం ఊరబెట్టుకునేవాళ్లకి అసలు పరీక్ష యుద్ధం తెచ్చింది. బ్రిటన్‌లో 1940 జనవరి 8న రేషన్ మొదలైన రోజు లిస్టులో ఉన్నవి మూడు: బేకన్, వెన్న, పంచదార. ఊరబెట్టిన మాంసానికీ, ఊరబెట్టడానికి వాడే పంచదారకీ ఒకే రోజు కోత! ఊళ్లల్లో జనం కలిసి పందుల్ని పెంచుకునే క్లబ్బులు పెట్టుకున్నారు. పంచదార రేషన్ 1953 దాకా, బేకన్ రేషన్ 1954 దాకా సాగింది. టీలోకి శాకరిన్ బిళ్ళలు మామూలైపోయాయి. అమెరికాలో 1942 మే నుంచి పంచదార రేషన్, మనిషికి వారానికి అర పౌండు. ఫిలిప్పీన్స్ జపాన్ చేతికి పోయింది, అక్కడి పంచదార ఆగిపోయింది. పంది తొడలు ఊరబెట్టే రైతులకి దొరికే బదులు ఏంటి? తేనె, మొలాసిస్, మొక్కజొన్న సిరప్. ఇవన్నీ నిజమైన చక్కెరలే, కాబట్టి బ్యాక్టీరియా తింటుంది, పెనం మీద ఎర్రబడుతుంది, పని జరిగిపోతుంది. శాకరిన్ అలా కాదు. అది నాలుకని మాత్రమే మోసం చేస్తుంది. తర్వాత కాలంలో అమెరికా మాంసం నిబంధనల పట్టికలో బేకన్‌కి శాకరిన్ 0.01 శాతం దాకా వాడొచ్చని రాశారు, ఎందుకంటే పంచదార పెనం మీద మాడుతుంది, అది మాడదు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో చెప్పడానికి మిమ్మల్ని బెల్జియం తీసుకెళ్తాను. 1895 డిసెంబర్, ఎలెజెల్ అనే ఊరు. ఒక పెద్దాయన చనిపోతే అంత్యక్రియల్లో వాయించడానికి ఊరి బ్యాండ్ వచ్చింది. తర్వాత భోజనంలో ఉప్పులో ఊరబెట్టిన పచ్చి హ్యామ్ పెట్టారు. తిన్నవాళ్లకి చూపు మసకబారింది, గుటక పడలేదు, మాట రాలేదు. ముగ్గురు చనిపోయారు. గెంట్ యూనివర్సిటీలో ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఆ హ్యామ్ ముక్కని పరీక్షించి, గాలి లేని చోట పెరిగి విషం తయారుచేసే బ్యాక్టీరియాని పట్టుకున్నాడు. బొట్యులిజం అంటాం కదా, అది. లాటిన్‌లో బొట్యులస్ అంటే సాసేజ్. అంతకు 70 ఏళ్ల ముందే జర్మనీలో యుస్టినుస్ కెర్నర్ అనే డాక్టర్ సాసేజ్‌ల విషం గురించి రాశాడు, ఆ పేరు అక్కడి నుంచే.

ఇందుకే 1925లో అమెరికా ప్రభుత్వం నైట్రైట్‌ని నేరుగా వాడటానికి అనుమతిచ్చాక లెక్కలు గ్రాముల్లోకి వచ్చాయి. ఇప్పుడు ఇళ్లల్లో వాడే గులాబీ రంగు క్యూరింగ్ సాల్ట్‌లో నైట్రైట్ 6.25 శాతం, కిలో మాంసానికి రెండున్నర గ్రాములు, అంతే. గులాబీ రంగు ఎందుకంటే మామూలు ఉప్పు అనుకుని కూరలో వేసేస్తారని. మన దగ్గర హిమాలయన్ పింక్ సాల్ట్ అని అమ్మేదానికీ దీనికీ సంబంధం లేదు. దయచేసి కెమికల్ షాపులో నైట్రైట్ కొనుక్కొచ్చి ప్రయోగాలు చెయ్యకండి.

ఇక ముఖ్యమైన పాయింట్. సలామీ లాంటి పులియబెట్టే సాసేజ్‌లలో బ్యాక్టీరియా చక్కెర తిని పులుపు తయారుచేస్తుంది, ఆ పులుపే మిగతా చెడు క్రిముల్ని ఆపుతుంది. అందులో చక్కెర తీసేసి ఎరిత్రిటాల్ వేశారనుకోండి, బ్యాక్టీరియాకి తిండి లేదు, పులుపు రాదు. బయటికి చూస్తే సలామీ, లోపల సేఫ్టీ సిస్టమ్ ఆఫ్. ఇక్కడ బదులు అనేదే లేదు. పంచదార తీసేసినా ఫర్వాలేనివి ఉప్పే అసలు పని చేసే హ్యామ్, బేకన్, గ్రావ్‌లాక్స్ లాంటివి.

ఇప్పుడు మా బావ దగ్గరికి. ఆయన రెసిపీలో కప్పు ఉప్పు, కప్పు పంచదార అని ఉంది. పంచదార బదులు సుక్రలోజ్ పొడి తెచ్చాడు, ప్యాకెట్ మీద కప్పుకి కప్పు అని రాసుంది. తీపి విషయంలో అది నిజమే. కానీ కప్పు పంచదార 200 గ్రాములు. ఆ పొడి కప్పు 25 గ్రాములు, అంతా గాలే. కప్పు మెత్తటి ఉప్పు 290 గ్రాములు. అసలు మిశ్రమంలో ఉప్పు 59 శాతం ఉండాలి, బావ మిశ్రమంలో 92 శాతం. దాంట్లో చేపని రెండ్రోజులు కప్పి పెట్టాడు. ముక్క నోట్లో పెట్టుకున్న నాన్న ఏం మాట్లాడలేదు, మర్యాదకి. అల్లుడు కదా. లేచి వెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తాగొచ్చారు.

రెండోసారి ఎరిత్రిటాల్. ఈసారి తూకం వేశాడు. అది కూడా నీళ్లు లాగుతుంది, ఆ విషయంలో పంచదారకి తీసిపోదు. కానీ చల్లటి నీళ్లలో సరిగ్గా కరగదు. ఫ్రిజ్‌లోంచి తీస్తే చేప మీద ఇసుకలా గింజలు, నోట్లో పెడితే పుదీనా బిళ్ళ చప్పరించినట్టు చల్లదనం. సాల్మన్‌తో టూత్‌పేస్ట్ తిన్నట్టుంది అంది అక్క.

అప్పుడు నేను కాగితం తీశాను. చేప కిలో, ఉప్పు 25 గ్రాములు, పంచదార 10 గ్రాములు, అంతా ఒక కవర్లో వేసి ఫ్రిజ్‌లో పెడదాం అన్నాను. వేసిన పంచదార మొత్తం చేపలోకే పోయిందనుకున్నా, నాన్న తినే 50 గ్రాముల ముక్కలో ఉండేది అర గ్రాము. అర గ్రాము! ఆయన ఒక కప్పు అన్నంలో 45 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది, దాని గురించి ఇంట్లో ఎవరూ గొడవ చెయ్యలేదు. అదే ముక్కలో ఉప్పు ఒకటింపావు గ్రాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు. నాన్నకి బీపీ కూడా ఉంది. మేం రెండు వారాలు భయపడ్డది తప్పు పదార్థానికి!

బావ కాసేపు కాగితం వైపు చూసి, "ఏరా బామ్మర్దీ, ఇది ముందే చెప్పొచ్చు కదా, నలభై డాలర్ల చేప" అన్నాడు.

ఇంకో విషయం కూడా ఉంది. గ్రావ్‌లాక్స్ పచ్చి చేప. ఉప్పు, పంచదార చేపలో ఉండే పురుగుల లార్వాల్ని చంపవు. అందుకే ముందు మైనస్ 20 డిగ్రీల్లో వారం రోజులు గడ్డకట్టించిన చేపే వాడాలి. మన చెరువు చేపలతో, కొర్రమీనుతో ఇది అస్సలు ట్రై చెయ్యొద్దు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది, ఉప్పుకీ లొంగదు. అరవై దాటినవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి, గర్భిణులకి అది మరీ ప్రమాదం. ఈ సంగతి చదివాక నేను నాన్నకి చెప్పడానికి మొహమాటపడ్డాను. ఇంత చేసి, తినొద్దు అనాలి.

అమ్మ చాలా ఈజీగా తేల్చేసింది. మూడో చేప ముక్కలు నాలుగు తీసి, నీళ్లలో ఒకసారి కడిగి, పసుపు, కారం రాసి పెనం మీద బాగా వేపింది. పంచదార ఉంది కదా, అంచులు భలే ఎర్రగా వచ్చాయి. పక్కన పప్పుచారు. నాన్న అన్నం కొంచెమే పెట్టించుకున్నారు, ముక్క మాత్రం రెండోది అడిగారు. "ఉప్పుచేప అంటే వేపుకోవాలి గానీ పచ్చిది తింటారేంటర్రా" అన్నారు. మిగతా చేప మేం ముగ్గురం డిల్ ఆకేసుకుని పచ్చిగానే తిన్నాం. బాగుంది.